మాక్రో ఆగిపోయినప్పుడు: ప్రయోగ దత్తాంశ పట్టికల్లో రన్‌టైమ్ దోషాల గుర్తింపు, సవరణ

గుంటూరు జిల్లా కొల్లిపర మండలం కృష్ణా పశ్చిమ డెల్టాలో నదికి కుడి వైపున విస్తరించి ఉంది. మాగాణుల్లో వరి, వరి కోసిన తరువాత మొక్కజొన్న లేక మినుము, నది ఒడ్డు భూముల్లో పసుపు, అరటి, కంద ఇక్కడి ప్రధాన పంటలు. పసుపు విపణికి పేరుపొందిన దుగ్గిరాల పక్కనే ఉంది. 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల కూడా దూరమేమీ కాదు. ఈ ప్రాంతపు రైతుకు ఒక వరి రకాన్ని గానీ, ఒక ఎరువుల మోతాదును గానీ సిఫారసు చేయాలంటే ముందుగా కొన్ని సంవత్సరాలపాటు ప్రయోగ మడుల్లో పంట కోసి, నూర్చి, తూకం వేసి, ఆ అంకెలను విశ్లేషించాలి. 1986లో విడుదలైన బి.పి.టి. 5204 వంటి రకాలు అటువంటి తూకాల మీదుగానే రైతు పొలానికి చేరాయి.

నేడు ఆ అంకెలు క్షేత్ర పుస్తకం నుండి నేరుగా స్ప్రెడ్‌షీటులోకి వెళుతున్నాయి. మడి తూకాన్ని హెక్టారు దిగుబడిగా మార్చడం, రకాలవారీగా సగటు తీయడం, గ్రామాలవారీగా పట్టికలు తయారుచేయడం వంటి పనులను మాక్రో అనబడే చిన్న ప్రోగ్రాము క్షణాల్లో పూర్తిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ సంస్థ 1993లో ఎక్సెల్ ఐదవ కూర్పుతో విజువల్ బేసిక్ భాషను జోడించిన నాటి నుండి ఈ సౌకర్యం అందుబాటులో ఉంది. అయితే పని మధ్యలో ‘రన్‌టైమ్ ఎర్రర్’ అన్న సందేశంతో మాక్రో ఆగిపోవడం పరిశోధక విద్యార్థులకు, విస్తరణ సిబ్బందికి తరచుగా ఎదురయ్యే అనుభవం. అటువంటప్పుడు చాలామంది ఆ సందేశం కనబడకుండా చేయడానికి ప్రయత్నిస్తారు. ఆకుమచ్చ కనిపించిన ఆకును తుంచివేసి తెగులు తగ్గిందనుకోవడం వంటిదే ఇది. సందేశం ఒక లక్షణం మాత్రమే; కారణం దత్తాంశంలోనో, మాక్రోలోనో ఉంటుంది. లక్షణాన్ని బట్టి కారణాన్ని ఎలా గుర్తించాలో, సందేశం రాకుండానే ఫలితాన్ని పాడుచేసే దోషాలను ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో వివరించడమైనది. ఇందులోని మడుల అంకెలు వివరణ కోసం తీసుకున్నవే గాని ఏ ప్రయోగ ఫలితాలూ కావు.

మూడు రకాల దోషాలు

మాక్రోలో దోషాలు మూడు విధాలు. మొదటిది రాతదోషం. వాక్యాన్ని భాషా నియమాలకు విరుద్ధంగా రాస్తే మాక్రో అసలు మొదలే కాదు. రెండవది రన్‌టైమ్ దోషం. వాక్యం సరిగానే ఉంటుంది, కాని నడిచే సమయంలో దానికి అందిన అంకె, షీటు, గడి అది ఆశించిన విధంగా లేకపోవడం వల్ల ఆగిపోతుంది. మూడవది తర్కదోషం. మాక్రో ఆగదు, సందేశం రాదు, పట్టిక నిండుతుంది, కాని జవాబు తప్పు. ఈ మూడింటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడవదే. రన్‌టైమ్ దోషాన్ని తొందరపాటుతో ‘సరిచేసినప్పుడు’ అది తర్కదోషంగా మారిపోయే అవకాశం ఎక్కువ.

ఆగిన వెంటనే చేయవలసిన పనులు

సందేశం కనబడగానే ‘ఎండ్’ మీట నొక్కరాదు. ముందుగా దోష సంఖ్యను, సందేశాన్ని నోట్ చేసుకోవాలి. తరువాత ‘డీబగ్’ నొక్కితే మాక్రో ఏ వాక్యం దగ్గర ఆగిందో ఆ వాక్యం పసుపు రంగులో కనిపిస్తుంది. ఆ వాక్యంలోని చరరాశి పేరు మీద మౌస్ సూచికను నిలిపితే ఆ క్షణంలో దాని విలువ తెలుస్తుంది. కంట్రోల్, జి మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే ‘ఇమ్మీడియట్’ కిటికీలో ప్రశ్నార్థక చిహ్నం, దాని పక్కన చరరాశి పేరు టైపు చేసి ఎంటర్ నొక్కినా విలువ వస్తుంది. వరుస సంఖ్యను సూచించే చరరాశి విలువ 37 అయితే షీటులో 37వ వరుసకు వెళ్లి అక్కడ ఏముందో కంటితో చూడాలి. సగం సమస్యలు ఈ ఒక్క పరిశీలనతోనే తేలిపోతాయి.

ఆగిన వాక్యంలో తప్పు కనిపించకపోతే దానికి పై వాక్యాల్లో వెతకాలి. అనుమానం ఉన్న వాక్యం దగ్గర ఎఫ్9 నొక్కి మాక్రో అక్కడ నిలిచేటట్లు చేసి, ఆపై ఎఫ్8 నొక్కుతూ ఒక్కొక్క వాక్యాన్నే నడిపించవచ్చు.

తరచుగా కనిపించే దోషాలు – కారణాలు – సవరణ

దోషం 13, టైప్ మిస్‌మ్యాచ్: అంకె ఉండవలసిన చోట అక్షరాలు ఉన్నప్పుడు వస్తుంది. దిగుబడి గడిలో ‘9.4 కిలోలు’ అని రాయడం, కోయని మడికి అడ్డగీత గీయడం, ‘మునిగింది’ అని రాయడం, తెలియకుండా స్పేస్ మీట నొక్కడం సాధారణ కారణాలు. సూత్రం విఫలమై సున్నాతో భాగించిన గుర్తు కనిపిస్తున్న గడిని చదివినా ఇదే దోషం వస్తుంది. గడిలో అంకె మాత్రమే ఉంచి, కొలమానాన్ని నిలువు వరుస శీర్షికలో, మడి గురించిన వివరణను పక్కనే ‘రిమార్కులు’ అన్న ప్రత్యేక వరుసలో రాయడం దీనికి శాశ్వత నివారణ.

దోషం 9, సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్: మాక్రో అడిగిన పేరుతో షీటు లేనప్పుడు వస్తుంది. పేరు చివర ఒక ఖాళీ అక్షరం ఉన్నా మాక్రో దృష్టిలో అది వేరే పేరే. తెలుగులో పనిచేసేవారికి ఇందులో మరొక చిక్కు ఉంది. షీటుకు ‘కొల్లిపర’ అని తెలుగులో పేరు పెట్టవచ్చు, గడుల్లో తెలుగు రాయవచ్చు. కాని మాక్రో రాసే ఎడిటరు సాధారణంగా తెలుగు లిపిని నిలుపుకోలేదు. అందులో రాసిన తెలుగు పేరు ప్రశ్నార్థక చిహ్నాల వరుసగా మారిపోతుంది. ఆ చిహ్నాల పేరుతో షీటు ఉండదు కాబట్టి 9వ దోషం వస్తుంది. షీటు పేరును మాక్రోలో రాయకుండా ఒక గడిలో తెలుగులో రాసి, మాక్రో ఆ గడి నుండి చదువుకొనేలా చేస్తే ఈ ఇబ్బంది తొలగిపోతుంది. ఎడిటరులో ప్రతి షీటుకు ఉండే కోడ్‌నేమ్‌ను వాడినా సరిపోతుంది.

దోషం 91, ఆబ్జెక్ట్ వేరియబుల్ నాట్ సెట్: ఒక గ్రామం పేరును షీటులో వెతికి, అది దొరికిన వరుస సంఖ్య చెప్పమని మాక్రోను అడిగామనుకుందాం. పేరు దొరకకపోతే చెప్పడానికి వరుసే ఉండదు; మాక్రో ఆగుతుంది. ‘మున్నంగి’, ‘తూములూరు’, ‘అత్తోట’ వంటి పేర్లను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాయడం ఒక కారణం. పాత డి.టి.పి. ఫాంట్లలో టైపు చేసిన పేర్లు కంటికి తెలుగుగా కనిపించినా లోపల ఉండేవి వేరే సంకేతాలు. యూనికోడ్‌లో టైపు చేసిన పేరుతో అవి ఎన్నటికీ సరిపోలవు. పేరు దొరికిందా లేదా అని ముందు పరీక్షించి, దొరకకపోతే ఆ పేరును ఒక జాబితాలో చేర్చేలా మాక్రో రాయాలి. గ్రామాలకు పేరుతోపాటు ఒక సంఖ్యా సంకేతం ఇచ్చి దానితోనే వెతకడం అన్నిటికంటే క్షేమం.

దోషం 1004: దీనికి కారణాలు అనేకం. రక్షిత షీటులో రాయబోవడం, విలీనం చేసిన గడులను వరుసలుగా క్రమబద్ధం చేయబోవడం, ఒక షీటులోని గడుల పరిధిని చెబుతూ లోపలి గడులు ఏ షీటువో చెప్పకపోవడం వాటిలో ముఖ్యమైనవి. చివరి కారణం వల్ల ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒక షీటు తెరిచి ఉన్నప్పుడు చక్కగా నడిచిన మాక్రో, వేరొక షీటు తెరిచి ఉంచితే ఆగిపోతుంది. ప్రతి గడికి ముందు దాని షీటును స్పష్టంగా పేర్కొనడం, దత్తాంశ షీటులో గడులను విలీనం చేయకపోవడం దీనికి పరిష్కారం.

దోషం 11, సున్నాతో భాగహారం: మడి విస్తీర్ణం రాయకుండా వదిలివేస్తే వస్తుంది. అదే వరుసలో దిగుబడి కూడా ఖాళీగా ఉంటే సున్నాను సున్నాతో భాగించవలసి వస్తుంది. అప్పుడు 11కు బదులు 6వ దోషమైన ‘ఓవర్‌ఫ్లో’ కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివారు లేని పెద్ద అంకె కోసం వెతుకుతూ చాలా సమయం పోగొట్టుకుంటారు.

సందేశం పోయింది, తప్పు మిగిలింది

6వ దోషాన్ని కొంత విపులంగా పరిశీలించడం అవసరం. మడి తూకాన్ని హెక్టారు దిగుబడిగా మార్చడానికి కిలోలను 10,000తో గుణించి, మడి విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలో తీసుకొని దానితో భాగిస్తాం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల మడి విస్తీర్ణం 20 చదరపు మీటర్లు. ఒక వరి రకం 9.6 కిలోలు, మరొకటి 10.4 కిలోలు ఇచ్చాయనుకుందాం. హెక్టారుకు మొదటిది 4,800 కిలోలు, రెండవది 5,200 కిలోలు.

ఇప్పుడు మాక్రోలో తూకపు చరరాశిని ‘ఇంటీజర్’ రకంగా ప్రకటించామనుకుందాం. ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. తూకాన్ని 10,000తో గుణించగానే ఆ పరిమితి దాటి 6వ దోషం వస్తుంది. ఎవరో ఒక స్నేహితుడు ‘ఇంటీజర్ బదులు లాంగ్ అని రాయండి’ అని సలహా ఇస్తాడు. మార్చగానే మాక్రో నడుస్తుంది, సందేశం రాదు. కాని లాంగ్ రకం కూడా పూర్ణాంకాలనే నిల్వ చేస్తుంది. 9.6 కూడా 10 అవుతుంది, 10.4 కూడా 10 అవుతుంది. రెండు రకాలకూ హెక్టారుకు 5,000 కిలోలే వస్తాయి. రెండింటి మధ్య ఉన్న 400 కిలోల వ్యత్యాసం, అంటే ఎకరాకు 75 కిలోల బస్తాలు రెండింటికి మించిన దిగుబడి, పట్టికలో కనబడకుండా పోతుంది. మెరుగైన రకం ‘తేడా లేదు’ అన్న మాటతో ప్రయోగ దశలోనే ఆగిపోవచ్చు.

దశాంశాలు ఉండే ప్రతి చరరాశిని ‘డబుల్’ రకంగా ప్రకటించడమే ఇక్కడ సరైన సవరణ. వరుసలను లెక్కించే చరరాశికి మాత్రం లాంగ్ రకం తగినది. మండలంలోని రైతులవారీ జాబితా 32,767 వరుసలు దాటితే ఇంటీజర్ అక్కడ కూడా ఆగిపోతుంది. ఒకే దోష సంఖ్యకు రెండు సందర్భాల్లో రెండు వేర్వేరు సవరణలు అవసరమయ్యాయన్నది గమనించదగిన విషయం.

ఖాళీ గడి – సున్నా దిగుబడి

దిగుబడి గడిలో అక్షరం ఉంటే మాక్రో ఆగుతుందని పైన చూశాం. గడి పూర్తిగా ఖాళీగా ఉంటే ఆగదు; దానిని సున్నాగా తీసుకొని ముందుకు సాగుతుంది. ఒక రకానికి నాలుగు రెప్లికేషన్లలో 9.4, 9.8, ఖాళీ, 9.6 కిలోలు నమోదయ్యాయనుకుందాం. ఉన్న మూడు మడుల సగటు 9.6 కిలోలు, హెక్టారుకు 4,800 కిలోలు. ఖాళీని సున్నాగా కలిపి నాలుగుతో భాగిస్తే సగటు 7.2 కిలోలు, హెక్టారుకు 3,600 కిలోలు. ఎకరాకు సుమారు ఆరున్నర బస్తాల దిగుబడి ఒక్క ఖాళీ గడి వల్ల తగ్గిపోయింది.

ఖాళీ గడికి అర్థమేమిటో మాక్రో తేల్చలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీకి దిగువన నది ఒడ్డున ఉన్న పొలాలకు అటువంటి ఏడాది గట్టు తెగి ఒక మడి కొట్టుకుపోతే, ఆ మడి దిగుబడి ‘తెలియదు’ అనే చెప్పాలి. అక్కడ సున్నా వేయడం ఆ రకానికి అన్యాయం. తెగులును తట్టుకోలేక మడి అంతా తాలుపోతే మాత్రం సున్నా నిజమైన ఫలితమే. దానిని ఖాళీగా వదిలితే బలహీనమైన రకానికి లేని మంచిపేరు ఇచ్చినట్లవుతుంది. ఈ రెండింటి తేడా మడి గట్టు మీద నిలబడి చూసినవారికే తెలుస్తుంది. ఆ వివరం క్షేత్ర పుస్తకంలోను, షీటులోని రిమార్కుల వరుసలోను అదే రోజు నమోదు కావాలి. ఆర్‌.బి.డి. పద్ధతిలో ఒక మడి నష్టపోయినప్పుడు దాని విలువను అంచనా వేసే విధానాన్ని యేట్స్ 1933లోనే వివరించారు. ఆ విధానం వాడినప్పుడు దోషపు స్వతంత్ర పరిమితుల సంఖ్యలో ఒకటి తగ్గించాలి.

మాక్రోలో ఇందుకు తీసుకోవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. గడిలో ఉన్నది అంకేనా అని పరీక్షించే ‘ఈజ్ న్యూమెరిక్’ ప్రమేయం ఖాళీ గడికి కూడా ‘అవును’ అనే జవాబు ఇస్తుంది. కాబట్టి ముందుగా ‘ఈజ్ ఎంప్టీ’తో ఖాళీని పరీక్షించి, తరువాతనే అంకెను పరీక్షించాలి. షీటులోని ‘యావరేజ్’ సూత్రం ఖాళీ గడులను వదిలివేసి సగటు తీస్తుంది. కనుక మాక్రో ఇచ్చిన సగటును ఆ సూత్రం ఇచ్చిన సగటుతో పోల్చితే ఈ రకపు తప్పు వెంటనే బయటపడుతుంది.

నోరు నొక్కే వాక్యం

‘ఆన్ ఎర్రర్ రెస్యూమ్ నెక్స్ట్’ అనే వాక్యాన్ని మాక్రో మొదట్లో చేర్చితే దోషం వచ్చినా ఆగకుండా తరువాతి వాక్యానికి వెళ్లిపోతుంది. అనేక మాక్రోలలో ఈ వాక్యం ‘పరిష్కారం’గా కనిపిస్తుంది. దీని పర్యవసానం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 12వ వరుసలోని దిగుబడి 9.4 చరరాశిలోకి వచ్చింది. 13వ వరుసలో ‘మునిగింది’ అని ఉంది. చదవడం విఫలమైంది, సందేశం రాలేదు. చరరాశిలో పాత విలువ 9.4 అలాగే ఉంది. మాక్రో దానినే 13వ మడి దిగుబడిగా రాసింది. వరదలో పోయిన మడికి పక్క మడి దిగుబడి వచ్చి చేరింది. పట్టికలో ఎక్కడా ఖాళీ లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఈ వాక్యం తప్పనిసరి అయిన చోట ఒకే ఒక్క పనికి ముందు వాడి, వెంటనే ‘ఆన్ ఎర్రర్ గోటూ జీరో’ అనే వాక్యంతో రద్దుచేయాలి. దత్తాంశాన్ని చదివే భాగంలో దీనిని వాడరాదు. దోషం వచ్చినప్పుడు షీటు పేరు, వరుస సంఖ్య, దోష సంఖ్య ఒక ప్రత్యేక షీటులో నమోదయ్యేలా రాయడం మేలు. చివరలో ఆ జాబితాను చూసి ఒక్కొక్క గడిని క్షేత్ర పుస్తకంతో సరిచూసుకోవచ్చు.

తేదీలు, పాత ఫైళ్లు

తేదీల విషయంలో కంప్యూటరు అమరిక ముఖ్యం. మనం రోజు, నెల, సంవత్సరం క్రమంలో రాస్తాం. అమెరికా అమరిక ఉన్న కంప్యూటరు మొదటి అంకెను నెలగా తీసుకుంటుంది. జూలై 5న నారు పోసి అక్టోబరు 10న సగం పూత దశ నమోదు చేస్తే వ్యవధి 97 రోజులు. అదే 05/07 అన్న రాతను మే 7గా చదివితే వ్యవధి 156 రోజులవుతుంది. సందేశమేదీ రాదు, కాని మధ్యకాలిక రకం దీర్ఘకాలిక రకంగా మారిపోతుంది. 25/07 వంటి తేదీలు మాత్రం ఆ అమరికలో అక్షరాలుగా మిగిలి గడిలో ఎడమవైపుకు జరిగి కనిపిస్తాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు ఎడమవైపు, కొన్ని కుడివైపు ఉంటే కుడివైపు ఉన్నవాటిని కూడా అనుమానించాలి. రోజు, నెల, సంవత్సరాలను మూడు వేర్వేరు గడుల్లో నమోదు చేసి మాక్రోలో కలపడం ఉత్తమం.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలోని షీటులో 65,536 వరుసలు మాత్రమే ఉంటాయి. 2007 కూర్పు నుండి ఈ సంఖ్య 10,48,576కు పెరిగింది. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ప్రయోగశాలల నివేదికలను పాత రూపంలోని ఫైళ్లలోకి చేర్చినప్పుడు పరిమితికి మించిన వరుసలు రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కకు అందలేదు. వారితో కలిసి తిరిగినవారిని వెతకడం ఆలస్యమైంది. గ్రామాలవారీ పంట వివరాలను కలిపే మన ఫైళ్లకు కూడా ఇది హెచ్చరికే. కలపడానికి ముందు ఉన్న వరుసల మొత్తం, కలిపిన తరువాత ఉన్న మొత్తం సమానంగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడాలి.

ఈ-మెయిల్ ద్వారా వచ్చిన ఫైలులో మాక్రో అసలే నడవకపోతే అది రన్‌టైమ్ దోషం కాదు. ఇంటర్నెట్ నుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను నిలిపివేసే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2022లో అమలులోకి తెచ్చింది. పంపినవారు తెలిసినవారై, ఫైలు ఏమిటో నిర్ధారించుకున్న తరువాతనే ఫైలు ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ గుర్తు పెట్టాలి.

ముందు జాగ్రత్తలు

• ప్రతి మాక్రో పుటలో మొదటి వాక్యంగా ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ రాయాలి. ఇది లేకపోతే తప్పుగా టైపు చేసిన చరరాశి పేరు కొత్త చరరాశిగా పుట్టి, సున్నా విలువతో లెక్కలో చేరుతుంది.

• క్షేత్ర పుస్తకం నుండి ఎక్కించిన మూల షీటును మాక్రో మార్చరాదు. ఫలితాలను వేరే షీటులో రాయించాలి.

• దిగుబడి, విస్తీర్ణం గడులకు ‘డేటా వాలిడేషన్’ ద్వారా కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టాలి. 9.6కు బదులు 96 టైపు చేసినప్పుడు షీటే అడ్డుకుంటుంది.

• మూడు రకాలు, నాలుగు రెప్లికేషన్లు గల ఒక చిన్న నమూనా పట్టికను చేతితో లెక్కకట్టి సిద్ధంగా ఉంచుకోవాలి. మాక్రోలో మార్పు చేసిన ప్రతిసారీ ముందు దీనిపై నడిపి జవాబు సరిపోయిందో లేదో చూడాలి. నమూనాలో ఒక ఖాళీ గడి, ఒక నిజమైన సున్నా, అక్షరాలున్న ఒక గడి ఉద్దేశపూర్వకంగా ఉంచాలి.

• సవరణ చేసిన తేదీ, దోష సంఖ్య, కారణం, మార్చిన వాక్యం ఒక పుస్తకంలో రాసుకోవాలి. తరువాత వచ్చే విద్యార్థికి ఇది ఎంతో ఉపయోగపడుతుంది.

మాక్రో ఆగిపోయినప్పుడు కలిగే విసుగు సహజమే. అయినా ఆగిన మాక్రో మనకు ఒక గడిని చూపించి, ఇక్కడ ఒకసారి చూడమని చెబుతోందని గ్రహించాలి. ఆ గడి వెనుక ఒక మడి ఉంది. ఆ మడి ఆధారంగా రేపు కొల్లిపర రైతు ఏ విత్తనం కొనాలో నిర్ణయించుకుంటాడు. కావున పరిశోధకులు, విద్యార్థులు, విస్తరణ సిబ్బంది దోష సందేశాన్ని తొలగించే ముందు దాని కారణాన్ని కనుగొని, సవరించిన ఫలితాన్ని క్షేత్ర పుస్తకంతో సరిచూసిన తరువాతనే పట్టికను సిఫారసుకు ఆధారంగా తీసుకోవాలి.